ఎడమకంటికి వెలిసిన ఎరుపు

గిలకలదిండి హార్బరులో నాది ఐసు కొట్టు. ఈ వ్యాపారంలో దిగాక నాకు అర్థమైందేమిటంటే, లోకంలో ఐసంత అలుసైన సరుకు ఇంకోటి లేదు. చేప చెడితే ఐసుది తప్పు. ధర పడితే ఐసుది తప్పు. బోటు ఆలస్యంగా వచ్చినా ముందు నా కొట్టు వైపే గుర్రుగా చూస్తారు. చేప నిగనిగలాడుతుంటే మాత్రం అది వాళ్ల వేట గొప్పతనం. అందుకే చేప గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషంటే నాకు చెప్పలేనంత గౌరవం. అలాంటి మనిషి మా హార్బరు మొత్తానికి ఒక్కతే. పేరు సుమలత.

ఆమె ఏం చేస్తుందో చెప్పాలంటే ముందు మా దగ్గరి పద్ధతి చెప్పాలి. బోటు ఒడ్డుకి చేరాక చేపను జాతుల వారీగా కుప్పలు పోస్తారు. వేలంపాట మొదలయ్యే ముందు ఒక మనిషి ఒక్కో కుప్పలోంచి తన ఇష్టం వచ్చిన చేపను తీసి, మొప్ప ఎత్తి చూసి, అందరికీ వినపడేలా 'మొదటిరకం' అనో 'రెండోరకం' అనో చెబుతారు. పాట ఆ మాట మీదే లేస్తుంది. ఈ పనికి ప్రభుత్వం వారి నియామకం ఏమీ ఉండదు. అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ కూడబలుక్కుని ఒకరిని ఒప్పుకుంటారు. వాళ్లలో ఏ ఒక్కరు గట్టిగా వద్దన్నా ఆ మనిషి పక్కకి తప్పుకోవాల్సిందే. ఇంకో సంగతి కూడా ఉంది. ఒక బోటు చేప మీద అన్న మాటను వెనక్కి తీసుకోవాలనుకుంటే, ఇంటికి వెళ్లి చెవిలో చెబితే చెల్లదు. ఆ బోటు మళ్లీ సరుకు దించే వేళ, అదే చోట, అందరి ముందూ చెప్పాలి. అలా చెప్పినవాళ్లను నేను అప్పటిదాకా చూడలేదు. తప్పు చేసినవాళ్లను మాత్రం చాలామందిని చూశాను.

సుమలత పుట్టింది నాగాయలంక దగ్గర. తండ్రి శామ్యూల్ రాజ్ రొయ్యల చెరువుల మీద కాపలా పని చేసేవాడు. తల్లితో కలిసి రొయ్య ఏరడం దగ్గర్నుంచి ఆమె చదువు మొదలైంది. బడిలో పదో తరగతి దాకా ఇంకో చదువు కూడా చదివింది గానీ, పనికొచ్చింది మొదటిదే. బందరు కోడలుగా వచ్చాక భర్త విల్సన్‌తో పాటు హార్బరుకి రావడం మొదలుపెట్టింది. విల్సన్ ఇక్కడ పాటలో చేప కొని, తన ట్రాలీ ఆటోలో గుడివాడ మార్కెట్టుకి వేసుకెళ్తాడు. మంచివాడే. కాకపోతే ప్రతిదానికీ ముందు భయపడి, ఆ తర్వాత ఆలోచిస్తాడు.

ఆమెకి ఆ పని ఎలా దక్కిందో చెబితే మనిషి అర్థమవుతుంది. ఒకనాడు చందువ కుప్ప దగ్గర విల్సన్ బేరగాళ్లందరూ చేసే పనే చేశాడు. "కాస్త మెత్తబడ్డట్టుందే," అని పెదవి విరిచాడు. వెనక బుట్ట పట్టుకుని నించున్న సుమలత చటుక్కున ఒక చేప అందుకుని మొప్ప ఎత్తి, "మెత్తబడ్డం ఏవిటండీ, తెల్లారుజామున పట్టిన చేపయితేనూ!" అంది. హార్బరంతా ఘొల్లున నవ్వింది. విల్సన్ ఆ రోజు ఎక్కువ పెట్టి కొన్నాడు, గుడ్లవల్లేరు దాటేదాకా పెళ్లాంతో మాట్లాడలేదు. ఆ తర్వాత కొద్దిరోజులకే, అప్పటిదాకా మొప్ప చూసే పెద్దాయన వయసైపోయి మానుకుంటే, అందరి నోటా ఆమె పేరే వచ్చింది. సొంత మొగుడి బేరం చెడగొట్టిన మనిషిని మించి ఎవరిని నమ్ముతారు?

ఆమె చూసే తీరు కూడా వేరు. చేపను ఎడమ చేత్తో పైకెత్తి, కుడి కన్ను గట్టిగా మూసి, మొప్పను ఎడమ కంటికి దగ్గరగా తెచ్చుకుంటుంది. చిన్నప్పటి అలవాటట. కొత్తగా వచ్చిన వాళ్లు చేపకి కన్ను కొడుతోందని నవ్వుకునేవాళ్లు. ఆమె చెప్పిన మాట విన్నాక నవ్వు ఆగిపోయేది. నోరు కూడా తక్కువేం కాదు. "నువ్వు అలిగితే చేప బతికొస్తుందా అన్నయ్యా?" అని ఎంత పెద్ద బోటు యజమానినైనా నిలబెట్టి అడిగేసేది.

ఇదంతా సాఫీగా సాగుతున్న రోజుల్లో, ఒక ఏప్రిల్ మొదట్లో, వేసవి వేట నిషేధం ఇంకా మొదలుకాకముందు, గోవర్ధనరావు గారి బోటు వచ్చింది.

గోవర్ధనరావు గారంటే హార్బరులో పెద్దమనిషి. బోటు ఒకటే అయినా మాట మీద నిలబడే మనిషి, ఎదుటివాడు నిలబడకపోతే ఊరుకోని మనిషి. ఆ రోజు బోటు రావడం ఆలస్యమైంది. ఎండ నెత్తికెక్కింది. పొద్దున్నుంచీ ఎండలోనే తిరుగుతున్న సుమలత మొహం కందిపోయి ఉంది. రెండ్రోజులుగా ఎడమ కంటి వెనక సలుపుతోందని, ఎండ దెబ్బేమోనని ఆ ముందు రోజే నాతో అంది. వంజరం కుప్పలోంచి ఒక చేప తీసింది. కుడి కన్ను మూసి చూసింది. ఇంకోటి తీసింది. మళ్లీ చూసింది.

"రెండోరకం," అంది.

గోవర్ధనరావు గారు ముందు నవ్వారు. వేళాకోళం అనుకున్నారు. "సరిగ్గా చూడమ్మాయ్. నిన్న సాయంత్రం వల లాగిన చేప అది."

"చూశాను బాబాయ్ గారూ. మొప్ప ఎరుపు వదిలేసింది. మట్టి రంగు తిరిగింది."

"మట్టి రంగా?" ఆయన గొంతు లేచింది. "ఐసు పెట్టెలో ఉన్న చేపకి మట్టి రంగేంటి? అయితే ఆ ముజీబ్ గాడు ఇచ్చిన ఐసు దండగన్నమాట!"

చూశారా? తిరిగి తిరిగి నా మీదికే వచ్చింది. నాకు ఒళ్లు మండి, కొట్టు వదిలేసి వెళ్లి నేనే ఒక చేప మొప్ప ఎత్తి చూశాను. ఎర్రగా ఉంది. అప్పుడే కోసిన మందారంలా ఉంది. "అక్కా, బానే ఉంది కదా," అన్నాను నెమ్మదిగా.

"నీకు ఐసు తెలుసు తమ్ముడూ. చేప నాకు తెలుసు," అంది ఆమె, నా వైపు చూడకుండానే.

అంతటితో అయిపోయినా బాగుండేది. ఆ తర్వాత వచ్చిన రెండు బోట్ల చేపనీ రెండోరకమే అంది. ఒకే పూట మూడు బోట్లు. పాట నేల చూపు చూసింది. ఆ పైన ఇంకో ఘోరం, గోవర్ధనరావు గారి వంజరం కుప్ప పాటలో విల్సన్‌కే పడింది. రోజూ పాడినట్టే పాడాడు పాపం, అతనికేం తెలుసు? కానీ చూసేవాళ్లకి ఎలా కనపడుతుంది? పెళ్లాం తక్కువ చేసి చెప్పింది, మొగుడు తక్కువకి కొట్టేశాడు.

గోవర్ధనరావు గారు అరవలేదు. అరిచినా బాగుండేదేమో. కండువా దులిపి భుజాన వేసుకుని, "నీ మొగుడికి చవగ్గా కావాలంటే నన్నడిగితే ఇచ్చేవాణ్ణి కదమ్మా," అన్నారు. "రేపట్నుంచి నా బోటు చేప మీద ఈ అమ్మాయి చెయ్యి పడటానికి వీల్లేదు." మిగతా రెండు బోట్ల వాళ్లూ ఆయన వెనకే నించున్నారు. పద్ధతి ప్రకారం సుమలత పక్కకి తప్పుకుంది. బుట్ట తీసుకుని, తలెత్తుకునే నడిచి వెళ్లింది. నాకు మాత్రం ఆ రోజు అన్నం సహించలేదు.

ఇంటికి వెళ్లేసరికి కంటి పోటు ఎక్కువైంది. కన్ను తిప్పితే చాలు, వెనకనుంచి ఎవరో లాగినట్టు నొప్పి. అత్తగారు మాణిక్యమ్మ గారు వైద్యానికి దిగారు. ఆవిడ లెక్కలో లోకంలో రోగాలు రెండే రకాలు, చలవ చేసినవీ వాతం చేసినవీ. రెండింటికీ మందు వేడే. వావిలాకు వేసి మరగబెట్టిన నీళ్లతో తలారా పోశారు. ఉప్పు మూట వేడి చేసి కంటి చుట్టూ కాపడం పెట్టారు. దుప్పటి కప్పి ఆవిరి పట్టించారు. దుప్పటి తీసేసరికి సుమలత ఎడమ కంటికి ఎదురుగా ఉన్న అత్తగారు కూడా మసగ్గా కనపడ్డారు.

"అత్తయ్యా, ఇంకా తగ్గిపోయింది చూపు."

"వేడి చాల్లేదమ్మా," అన్నారు మాణిక్యమ్మ గారు పూర్తి నమ్మకంతో, ఇంకో బిందె పొయ్యి మీద పెడుతూ.

రెండో బిందె అయ్యాక చూపు ఇంకా మసకేసింది. ఫ్యాను కింద కాసేపు పడుకుంటే కొంత తేరుకుంది. ఎందుకలా అవుతోందో ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. అంతలో విల్సన్ గుడివాడ నుంచి వచ్చాడు. రావడమే అయోమయంగా వచ్చాడు. మార్కెట్టులో వంజరం దించీ దించగానే ఎగరేసుకుపోయారట. ఇంత తాజా చేప ఈ మధ్య చూడలేదని, ఏ బోటుదని ఎప్పుడూ కొనేవాళ్లు అడిగారట. విల్సన్ ఆ మాట చెప్పి కాళ్లు కడుక్కోవడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున్నే నా కొట్టుకి వచ్చింది. "తమ్ముడూ, మంచి వంజరం ఒకటి చూపించు," అంది. మా ఇంటికని ఐసులో దాచుకున్నది ఒకటుంది, తీసిచ్చాను. ఐసు గది గుమ్మంలో చల్లగా ఉన్న చోట నించుని, అలవాటు ప్రకారం కుడి కన్ను మూసి మొప్ప చూసింది. ఏమనుకుందో ఏమో, ఈసారి ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసింది. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. కొట్టులో ఐసు కొట్టేవాళ్లు ఇద్దరూ పని ఆపి చూస్తున్నారు.

"ఇదేం రంగు?" అని అడిగింది నన్ను.

"ఎరుపే అక్కా."

"ఈ కంటికి ఎరుపు." కుడి కన్ను చూపించింది. "ఈ కంటికి ఇటుక పొడి." చేపను జాగ్రత్తగా ఐసులో పెట్టేసింది. నేను కన్ను గురించి కంగారుపడుతున్నాను. ఆమె అన్న మొదటి మాట కంటి గురించి కాదు. "అయితే గోవర్ధనరావు గారి చేప మంచిదే," అంది.

అప్పటికప్పుడే ఆయన ఇంటికి వెళ్తానని బయల్దేరింది. నేనే ఆపాను, ముందు కన్ను చూపించుకోమని. బందరులో కళ్ల డాక్టరు చూసి, కన్ను శుభ్రంగా ఉందనీ, కంటి వెనక నరం వాచిందనీ, బెజవాడ వెళ్లి నరాల డాక్టరును కలవమనీ రాసిచ్చాడు. విల్సన్ సంగతి తెలుసు కాబట్టి వాళ్లతో పాటు నేనూ రైలెక్కాను. నేను వెళ్లకపోతే ఆస్పత్రిలో మంచం ఎవరికి వెయ్యాలో తేల్చుకోలేకపోయేవాళ్లు.

నరాల డాక్టరు పేరు సరోజిని గారు. ముక్కుసూటి మనిషి, సుమలతకి సరిజోడు. స్కాను తీయించి, సుమలతను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఒక్కటే అడిగారు. "ఇంతకుముందెప్పుడైనా కాలో చెయ్యో మొద్దుబారిందా?"

విల్సన్ లేదన్నాడు. సుమలత ఉందంది. రెండేళ్ల కిందట గుడివాడలో పాదం మొద్దుబారి, చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియకుండా ఒంటి చెప్పుతో మార్కెట్టంతా తిరిగింది. అప్పుడెవరో నరాల బలహీనతన్నారు, సూదులు పొడిచారు, కొన్ని వారాలకి అదే పోయింది. "నవ్వుకుని వదిలేశామండీ," అంది.

"అప్పటిదీ ఇప్పటిదీ ఒకటే జబ్బమ్మా," అన్నారు డాక్టరు గారు. "కరెంటు తీగ మీద తొడుగు ఉంటుంది చూడండి, మన నరం మీదా అలాంటి పొర ఒకటి ఉంటుంది. మైలిన్ అంటాం. ఒంట్లో రోగాలతో పోట్లాడాల్సిన కణాలు పొరబాటున ఆ పొర మీదే పడతాయి. పొర దెబ్బతిన్న చోట కబురు నెమ్మదిస్తుంది, ఒక్కోసారి ఆగిపోతుంది. మీ కన్ను మొప్పను సరిగ్గానే చూసింది. ఆ కబురు మెదడుకి సరిగ్గా చేరలేదు. ముందు ఎరుపు వెలిసిపోవడం ఇందులో మామూలే. దీన్ని మల్టిపుల్ స్క్లెరోసిస్ అంటారు."

విల్సన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. సుమలత మాత్రం బేరంలో కూర్చున్నట్టే కూర్చుంది. "పూర్తిగా పోతుందాండీ?"

"పూర్తిగా తీసేసే మందు ఇంకా లేదు. వాపు త్వరగా తగ్గడానికి సెలైన్లో మందు ఎక్కిస్తాం. ఆ తర్వాత మాటిమాటికీ రాకుండా అదుపు చేసే మందులున్నాయి, మానకుండా వాడాలి. చాలామంది తమ పనులు తాము చేసుకుంటూ ఉంటున్నారు."

"మరి మా అత్తగారు వేడినీళ్లు పోసినప్పుడల్లా చూపు ఎందుకు తగ్గిందంటారు?"

డాక్టరు గారు మొదటిసారి నవ్వారు. "పొర పోయిన నరానికి వేడంటే పడదు. ఒళ్లు వేడెక్కితే కబురు ఇంకా నెమ్మదిస్తుంది, చల్లబడితే మళ్లీ తేరుకుంటుంది. దాంతో కొత్తగా ఏం పాడవదు, కంగారు పడకండి. కానీ కాపడాలు చాలించండి. ఎండలో పని తప్పదంటున్నారు కాబట్టి మెడకి చల్లటి తడిగుడ్డ చుట్టుకోండి. ఐసు దొరికితే మరీ మంచిది."

జీవితంలో మొదటిసారి ఒక చదువుకున్న మనిషి నా సరుకును మెచ్చుకున్నారు. కుర్చీలో కాస్త నిటారుగా కూర్చున్నాను.

ఒక సంగతి ఇక్కడే చెప్పేస్తాను, చివర్లో చెబితే మీరు జాలిపడి పుస్తకం మూసేస్తారు, సుమలతకి జాలంటే గిట్టదు. ఆ తర్వాత ఒకసారి ఆ జబ్బు కాలికి కూడా వచ్చింది. కర్ర పట్టుకుని నడిచింది. మళ్లీ బెజవాడ వెళ్లింది, మందు ఎక్కించుకుంది, ఏ మందు సరిపడదో చూసి మార్పించుకుంది. ఇప్పుడు నాకంటే వేగంగా నడుస్తుంది. అలసట వస్తే మాత్రం ఎవరి మొహమాటానికీ ఆగదు, కొట్టులోకొచ్చి బల్ల మీద పడుకుంటుంది. అలసట కూడా జబ్బులో భాగమేనని డాక్టరు గారు చెప్పారు. బద్ధకం అన్న నోళ్లను మాణిక్యమ్మ గారే మూయించారు. ఆవిడ ఇప్పుడు పూర్తిగా ఇటు మొగ్గారు, జలుబుకి కూడా ఐసే మందంటున్నారు.

ఆ ఆస్పత్రిలో, చేతికి సూది ఉండగానే, సుమలత నాతో ఒక మాట అంది. విల్సన్ టీ తేవడానికి వెళ్లాడు. "నాకు భయంగా ఉంది తమ్ముడూ."

"చూపు వచ్చేస్తుందన్నారుగా అక్కా."

"చూపు గురించి కాదు. నేనన్న మాట అక్కడే పడుంది. ఆయన మంచి చేపని చెడ్డదన్నాను. అది వెనక్కి తీసుకోకుండా నేను రేపెవరి చేప ముందు నించుంటాను?" కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. నాకు దుఃఖం ఆగక, బయట నర్సును పిలిచే వంకతో లేచి వెళ్లిపోయాను.

కొన్ని వారాల్లో చూపు తిరిగొచ్చింది. ఎరుపు మాత్రం పూర్తిగా రాలేదు. ఎడమ కంటికి అన్ని ఎరుపులూ నాలుగు ఉతుకులు ఉతికిన చీరలా కనపడతాయంది. అలాగే ఉండిపోవచ్చని డాక్టరు గారు ముందే చెప్పారు. ఈలోగా వేట నిషేధం మొదలై బోట్లన్నీ కట్టేశారు. విల్సన్ ఆ వంజరం మీద వచ్చిన తేడా సొమ్ము గోవర్ధనరావు గారి ఇంటికి పంపించాడు. ఆయన ముట్టుకోకుండా తిప్పి పంపేశారు. "అన్న మాట హార్బరులో అన్నారు. ఇంటికి డబ్బు పంపితే ఎలా?" అన్నారట.

సుమలతకి దారి తేలిపోయింది. నిషేధం ఎత్తేశాక ఆయన బోటు వచ్చే రోజు కోసం ఎదురుచూడటమే. భయపడ్డది మాత్రం విల్సన్.

"ఎండకి కళ్లు తిరిగాయని చెప్పు చాలు. జబ్బు పేరు ఎత్తకు. కన్ను పాడైందని నువ్వే చాటుకుంటే ఇంక నీ మాట ఎవరు వింటారు?"

"కళ్లు తిరిగాయంటే అబద్ధం అవుతుంది కదండీ. ఒక తప్పు మాట వెనక్కి తీసుకోడానికి ఇంకో తప్పు మాట అనమంటారా?"

నిజం చెప్పాలంటే నేను కూడా విల్సన్ పక్షమే. మనుషులు నాకు తెలుసు. రోజూ ఐసు అమ్ముతున్నాను కదా.

జూన్‌లో నిషేధం ఎత్తేశారు. ఆమె స్థానంలో ఎవరూ కుదరలేదు. కుప్పకో తగువు, పాటకో పోట్లాట. గోవర్ధనరావు గారి బోటు మొదటి వేటకి వెళ్లి, వస్తుందన్న పొద్దుకి రాలేదు. దార్లో ఇంజను మొరాయించిందని వినికిడి. అందరి బోట్లూ సరుకు దించేసుకున్నాక, ఎండ బాగా ఎక్కాక వచ్చింది. సుమలత నా కొట్టులో ఐసునీళ్లలో ముంచిన తువ్వాలు మెడకి చుట్టుకుని బయల్దేరింది. వెనక విల్సన్. విల్సన్ వెనక కొట్టు వదిలేసి నేను.

వంజరం కుప్ప పోయడం అయింది. ఆమె వెళ్లి కుప్పకి ఎదురుగా, ఏప్రిల్లో నించున్న చోటే నించుంది. గొంతు పెంచింది. మొప్ప చూసే రోజుల్లో వినపడే గొంతే అది.

"ఆ రోజు ఈ బోటు చేపని రెండోరకం అన్నాను. అది మొదటిరకం. ఇంకో రెండు బోట్ల చేపనీ అలాగే అన్నాను, అవీ మంచివే. తప్పు చేపది కాదు, ఐసుది కాదు, నా మొగుడిది అంతకన్నా కాదు. నరాల మీద పొర దెబ్బతినే జబ్బు నాకు. ఎడమ కంటికి ఎరుపు సరిగ్గా ఆనదు. ఆ సంగతి నాకే తెలీక అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను."

అందరూ చేపను వదిలి ఆమె వైపు తిరిగారు. కాకులు మాత్రం వాటి పని అవి చూసుకుంటున్నాయి. కొనేవాళ్లలోంచి ఒకాయన అననే అన్నాడు. "పాపం, కష్టమే. మరి ఎరుపు తెలీనప్పుడు ఇంకేం చూస్తావమ్మా?"

"కుడి కన్ను ఉందిగా అన్నయ్యా. ముక్కుంది, వేళ్లున్నాయి. కన్ను ఒక్కటే చేపని చూస్తుందని నీకెవరు చెప్పారు?"

అక్కడక్కడా నవ్వారు. గోవర్ధనరావు గారు నవ్వలేదు. ఆమెనే చూస్తున్నారు. ఆ తర్వాత కండువా నడుముకి బిగించి, వంగి, కుప్పలోంచి పెద్ద వంజరం ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టారు. "నీ చెయ్యి పడకూడదన్నాను. ఆ మాట నేనూ వెనక్కి తీసుకుంటున్నాను. చూడమ్మాయ్, నువ్వే మొదలెట్టు."

నా గుండె తేలికపడింది. విల్సన్ మొహం వెలిగింది. ఇంక ఆమె మొదటిరకం అనడం, పాట లేవడం, అందరం ఇళ్లకి వెళ్లి అన్నం తినడం, అంతే మిగిలింది.

ఆమె చేపను పైకెత్తింది. ఈసారి ఎడమ కన్ను మూసింది. మొప్ప ఎత్తి కుడి కంటి దగ్గరికి తెచ్చుకుంది. వాసన చూసింది. వీపు మీద బొటనవేలితో నొక్కి, సొట్ట పైకి లేస్తుందేమోనని చూసింది. మళ్లీ నొక్కింది. ఆ రెండోసారి నొక్కడం చూడగానే నాకు సంగతి అర్థమైపోయింది. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, మంచి చేపను ఆమె రెండోసారి నొక్కదు. యా అల్లా, ఈ ఒక్క రోజుకి మొదటిరకం అనేయనీ అనుకున్నాను. అనేస్తే ఎవరికి నష్టం? ఆయన పెద్దమనసు చేసుకుని చేతిలో పెట్టారు. కాదంటే ఇంక ఈ హార్బరులో ఆమెను ఎవరూ పిలవరు. ఆ కన్నూ పోయిందంటారు, లేదా పగబట్టిందంటారు. ఆమెకి ఇవన్నీ తెలియక కాదు. తువ్వాల్లోంచి నీళ్లు మెడ మీదుగా కారుతున్నాయి. చేపను రెండు చేతుల్లోకి తీసుకుని ఆయన మొహంలోకే చూసింది.

"బాబాయ్ గారూ, ఆ రోజు మీ చేప మంచిది," అంది. "ఇవాళ్టిది కాదు. రెండోరకం."

విల్సన్ పక్కనున్న ఖాళీ ట్రే మీద కూలబడ్డాడు. గోవర్ధనరావు గారి మొహం నల్లబడింది. బోటులోంచి ఎవరో ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపారు. ఆమె చేతుల్లోంచి చేపను లాక్కున్నారు. తనే మొప్ప ఎత్తి, వెలుగుకి తిప్పి చూశారు. చాలాసేపు చూశారు. ఆ తర్వాత బోటు వైపు తిరిగి, "దార్లో ఇంజను మొరాయించి బోటు ఎంతసేపు ఆగిపోయిందిరా?" అని అడిగారు. ఐసు అప్పటికే కరిగి నీళ్లైపోయి ఉంటుందని ఆయనకి వాళ్లు చెప్పనక్కర్లేదు.

ఆయన ఆ చేపను తల మీదికి, వెనక వరసలో ఉన్నవాళ్లకి కూడా కనపడేంత ఎత్తుకి లేపారు.

"రెండోరకం!" అన్నారు, ఆమెకంటే గట్టిగా. "అమ్మాయి చెప్పింది. పాడండి!"